గరికకు గ్రీన్ కార్డు

మా నాన్న ఆయుష్షులో సగం గరికతో కొట్లాటకే సరిపోయింది. మిగతా సగం అప్పులవాళ్ళతో. అప్పులవాళ్ళు కనీసం సంక్రాంతి మూడు రోజులూ ఊరుకునేవాళ్ళు. గరిక అదీ ఊరుకునేది కాదు. పల్నాటి నల్లరేగడిలో పాతుకుపోయిన గరికను రోహిణీకార్తె ఎండల్లో లోతుగా దున్నించి, వేళ్ళు పైకి లాగించి, గట్టు మీద కుప్పలేసి కాల్చేవాడు. తొలకరి పడ్డ వారానికి, ఏ మట్టిగడ్డ కిందో దాగిన ఒకే ఒక్క కణుపు కళ్ళు తెరిచేది. పత్తికి వేసిన యూరియా పత్తికంటే ముందు అదే తినేది.

అందుకే మొన్న హైదరాబాదులో మా మేనల్లుడు తన గోల్ఫ్ క్లబ్బుకు తీసుకెళ్ళినప్పుడు నా చెయ్యి నా మాట వినలేదు. కాళ్ళ దగ్గర గరిక కనబడింది. వంగి తీగ పట్టుకున్నాను.

"ఆ చెయ్యి తియ్యి మామయ్యా! గ్రీన్ అది!"

"పచ్చగానే ఉందిలేరా, నేను కాదన్నానా? గరిక పడింది, పీకేస్తున్నా."

"గరిక కాదు. బెర్ముడా. హైబ్రిడ్ బెర్ముడా."

నాకు తెలిసిన బెర్ముడా ఒక్కటే, మోకాళ్ళ దాకా ఉండే నిక్కరు. అదీ వాడు వేసుకునే ఉన్నాడు. పేరు మార్చుకుంటే జాతకం మారుతుందని టీవీల్లో సంఖ్యాశాస్త్రం వాళ్ళు చెబుతుంటే ఇన్నాళ్ళూ నవ్వేవాణ్ణి. గరికను చూశాక నోరు మూసుకున్నాను. ఊళ్ళో ఉన్నంతకాలం గడ్డిపరక. బెర్ముడా అని పేరు పెట్టుకుని వచ్చేసరికి దాని మీద నడవడానికి వేరే బూట్లు, దాన్ని కొయ్యడానికి వేరే యంత్రం, దాని మీద గాటు పడితే పూడ్చడానికి జేబులో వేరే పుల్ల. ఆ పుల్లను మా అల్లుడు మొలతాడులో తాళంచెవిలా భద్రంగా దాచుకుంటాడు. వాళ్ళమ్మ మందుల చీటీ మాత్రం ఎక్కడ పెట్టాడో వాడికి గుర్తులేదు.

1977లో లెరాయ్ హోమ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులూ కలిసి ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపుల మీద లావుపాటి పుస్తకం ఒకటి వేశారు. రౌడీషీటర్ల జాబితా అనుకోండి. మొదటి పేరు తుంగ. రెండోది మన గరిక. మూడూ నాలుగూ ఊద జాతి అక్కచెల్లెళ్ళు. అయిదోది, చూడ్డానికి రాగిపైరులా ఉండి వేళ్ళు చాచినట్టు ఎన్నులు తీసే గడ్డి, కొన్ని చోట్ల తిప్పరాగి అంటారు. ఇప్పుడు గోల్ఫ్ కోర్సు సంగతి చూడండి. ఏ2 ముద్దాయికి యూనిఫాం తొడిగి, పిస్తోలు చేతికిచ్చి, ఏ1నీ ఏ5నీ ఎన్‌కౌంటర్ చెయ్యమని పంపినట్టుంటుంది. తుంగ కనబడితే మందు. తిప్పరాగి కనబడితే మందు. గరికకు మాత్రం తెల్లవారుజామున స్ప్రింక్లర్ స్నానం. నిబంధనలను తుంగలో తొక్కడం మన రెండు రాష్ట్రాల్లోనూ పాత ఆటే. తుంగనే నిబంధనల కింద తొక్కే ఆట నాకు కొత్త.

ఈ గరికకు యోగం పట్టింది అమెరికాలో, జార్జియా రాష్ట్రం టిఫ్టన్ అనే ఊళ్ళో. అక్కడి పత్తిరైతులకూ గరిక అంటే మా నాన్నకున్నంత ప్రేమే ఉండేది. 1936లో అక్కడి పరిశోధన కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే ప్రజనన శాస్త్రవేత్త చేరాడు. మామూలు గరికను, ఆఫ్రికా నుంచి తెచ్చిన సన్నాకు గరికతో కలిపి సంకరాలు చేశాడు. 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫ్. వింటే టిఫిన్ సెంటర్ బోర్డులా ఉంటుంది గానీ ప్రపంచంలో ఎండ కాసే చోటల్లా గోల్ఫ్ ఆడేది చాలావరకు ఈ కుటుంబం మీదే. తల్లిదండ్రుల క్రోమోజోముల లెక్క కుదరక వీటికి గింజ కట్టదు. కణుపు ముక్కలు తెచ్చి నాటుకోవాల్సిందే. పండటం చేతకాని గడ్డి! గోల్ఫ్ కమిటీ వాళ్ళకు ఇంతకంటే వరం ఏముంటుంది?

బర్టన్ మీద నాకు కోపం లేదు. ఉండకూడదు కూడా. ఆయన చేత్తోనే సజ్జలో టిఫ్ట్ 23ఏ అనే మగవంధ్య రకం పుట్టింది. ఆ విత్తనం మన దేశానికొచ్చి, దాంతో 1965లో హెచ్‌బీ-1 అనే తొలి సంకర సజ్జ విడుదలై, మెట్టరైతు ఇంట్లో నాలుగు గింజలు ఎక్కువ పడ్డాయి. ఒకే మనిషి ఒక చేత్తో గింజ పెంచే విత్తనం, ఇంకో చేత్తో గింజే లేని గడ్డి ఇచ్చాడు. తర్వాత 1970లలో ఆ సజ్జ సంకరాలకు వెర్రికంకి తెగులు విరుచుకుపడింది. కంకి రావలసిన చోట గింజలకు బదులు పచ్చటి ఆకుల గుత్తి వచ్చేది. రైతు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఆ చేనును గోల్ఫ్ కమిటీకి చూపించి ఉంటే చప్పట్లు కొట్టేవాళ్ళేమో. మా చేలో తెగులైనది వాళ్ళ నేలలో ధ్యేయం.

నిజంగానే ఇదొక వ్యవసాయం. 18 గుంటల కోర్సంటే నూట ఇరవై, నూట యాభై ఎకరాల కమతం. పెద్ద రైతే! దున్నుతారు, చదును చేస్తారు, నీరు పెడతారు, నత్రజని చెంచాలతో కొలిచినట్టు వేస్తారు, పురుగుమందు, తెగులుమందు, కలుపుమందు కొడతారు. రోజూ కోత కోస్తారు. ఇంత చేసి, ఒక్క ఎన్ను పైకి వస్తే సూపరింటెండెంటుకు మెమో. పండకూడదన్న పంతంతో చేసే సేద్యం మీరెక్కడైనా చూశారా? మా ఊళ్ళో దీన్ని నష్టం అంటారు. ఇక్కడ సభ్యత్వం అంటారు.

"ఎందుకురా ఇదంతా?" అన్నాను.

"హెల్త్ మామయ్యా. నెట్‌వర్కింగ్. ఎన్విరాన్‌మెంట్ కూడా. ఎంత ఆక్సిజనో తెలుసా?"

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నవాడు మా అల్లుడి కంటే నిజాయితీపరుడు. వాడు గడ్డి అనైనా ఒప్పుకున్నాడు.

స్కాట్లండులో ఈ ఆట పుట్టినప్పుడు ఇంత తతంగం లేదు. సముద్రపు ఒడ్డు ఇసుకదిబ్బల మీద గొర్రెలు మేసేవి, కుందేళ్ళు కొరికేవి. అవే కోత యంత్రాలు, అవే ఎరువుల కంపెనీలు. 1830లో ఎడ్విన్ బడింగ్ అనే ఇంగ్లీషువాడు గడ్డి కోసే యంత్రం కనిపెట్టాడు. ఆ తర్వాత గొర్రె ఉద్యోగం ఊడింది. గొర్రెకు ఏది గడ్డో ఏది కలుపో తెలియదు, అన్నీ సమంగా తినేది. ఈ సమభావం క్లబ్బు సంస్కృతికి సరిపడదు.

గ్రీన్ అనే ఆ చివరి ముక్క, బంతిని గుంటలోకి దొర్లించే చోటు, మొత్తం కోర్సులో మూడెకరాలకు అటూ ఇటుగా ఉంటుంది. ఆ మూడెకరాల కోసమే మిగతా బతుకంతా. దాన్ని మట్టిలో వెయ్యరు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన కొలతల ప్రకారం కింద నాలుగంగుళాల కంకర, పైన పన్నెండంగుళాల ఇసుక. ఆ పైన ఏడాది పొడుగునా ఇసుక చల్లుతూనే ఉంటారు. ఇల్లు కట్టుకునేవాడు ట్రాక్టరు ఇసుక కోసం తెల్లవార్లూ రేవులో పడిగాపులు కాసిన రాష్ట్రం నుంచి వచ్చినవాణ్ణి నేను. ఆ గ్రీన్ పక్కనే బంతి పడి చిక్కుకోవడానికని తవ్వి నింపిన ఇసుక గుంటలు చూసి కళ్ళు తుడుచుకున్నాను. ఇసుక పడిందనుకున్నాడు అల్లుడు.

అక్కడ గడ్డి ఎత్తు మూడు మిల్లీమీటర్లు. మా మంగలి వెంకటేశం కూడా నా గడ్డాన్ని అంతకంటే దయగా వదిలేస్తాడు. ఎందుకంత? బంతి జారాలి. ఎంత జారుతోందో కొలవడానికి సాధనం ఉంది. 1935లో ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో జీన్ సరజెన్ అంతటివాడు కొట్టిన బంతి గ్రీన్ దాటి బయటికి పోవడం ఎడ్వర్డ్ స్టింప్సన్ చూశాడు. ఇంటికెళ్ళి గాడి తీసిన చెక్కబద్ద ఒకటి చేశాడు. దాని మీద నుంచి బంతిని జారవిడిచి ఎన్ని అడుగులు దొర్లిందో కొలవాలి. గ్రీన్లు మితిమీరి జారుతున్నాయేమోనన్నది ఆయన అనుమానం. 1970ల చివర్లో గోల్ఫ్ సంఘం ఆ బద్దను అల్యూమినియంలో చేయించి కోర్సులకు పంచింది. అంతే, జ్వరం కొలవమని థర్మామీటరు ఇస్తే ఎవరి జ్వరం ఎక్కువో పోటీ పెట్టుకున్నారు. అప్పట్లో ఆరేడు అడుగులు దొర్లితే మామూలు గ్రీను. ఇప్పుడు పెద్ద పోటీల్లో పదమూడు దాటకపోతే పరువు తక్కువ.

ఇంత పొట్టిగా గొరిగితే గడ్డి నీరసిస్తుంది. నీరసించిన చోట నేల ఖాళీ పడుతుంది. ఖాళీ పడ్డ చోట కలుపు మొలుస్తుంది. మొలిచిన కలుపుకు మందు కొడతారు. మందు దెబ్బకు గడ్డి ఇంకాస్త పసుపెక్కుతుంది. ఈ చక్రాన్ని ఆపాలంటే ఒక్క మిల్లీమీటరు ఎత్తు పెంచితే చాలని ఆ పని తెలిసిన ప్రతి మేస్త్రీకీ తెలుసు. బంతి ఒక అడుగు తక్కువ దొర్లుతుంది, అంతే. ఆ అడుగు వదులుకునే మగాడు కమిటీలో పుట్టలేదు.

చల్లటి దేశాల్లో ఇంకో వినోదం. పోవా అన్యువా అని పొట్టి గడ్డి ఒకటి ఉంది. మూడు మిల్లీమీటర్ల ఎత్తులో గొరిగినా తెల్లటి ఎన్ను తీసి గింజ రాలుస్తుంది. నాకు దాని మీద రహస్యంగా గౌరవం. కోర్సుల వాళ్ళు దాన్ని చంపడానికి తరాల తరబడి డబ్బు తగలేస్తున్నారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చలికి గరిక నిద్రపోయి ఎండుగడ్డి రంగుకు తిరిగినప్పుడు, పచ్చగా మిగిలేది ఈ పోవాయే కాబట్టి, ఏకంగా గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టి దాన్ని లేపేస్తారు. ఆ తర్వాత ఎండిన గరికకు ఆకుపచ్చ రంగు పూస్తారు. అవునండీ, రంగు. తలకు వేసుకున్నట్టే. పచ్చగా ఉన్నదాన్ని చంపి, ఎండినదానికి పచ్చరంగు. మరి ఈ పోవా అంత నీచమైనదా? స్టింప్సన్ బద్దకు బీజం పడ్డ ఓక్‌మాంట్‌లోనూ, ఫొటోలు చూసి జనం నిట్టూర్చే పెబుల్ బీచ్‌లోనూ గ్రీన్ల మీద ఉన్నది అదే పోవా. అక్కడది వారసత్వ సంపద. పక్క ఊరి కోర్సులో మొలిస్తే చొరబాటు. మొక్క అదే, ఆకు అదే, ఎన్ను అదే. మారేది గేటు మీద పేరు.

హైబ్రిడ్ గరిక ఇంట్లో మరీ విడ్డూరం. టిఫ్ వంశపు గ్రీన్ మధ్యలో మామూలు నాటు గరిక తల ఎత్తిందనుకోండి, దాన్ని మించిన కలుపు ఇంకోటి లేదు. ఆకు కాస్త వెడల్పు, రంగు కాస్త తేడా, కణుపు కాస్త పొడుగు. అమెరికాలో స్థిరపడ్డ కొడుకు ఇంటికి పంచె కట్టుకుని వెళ్ళిన తండ్రిలా, ఎంత ఒదిగి కూర్చున్నా అతిథుల కంట పడుతుంది. చంపుదామంటే రక్తసంబంధం. దాన్ని చంపే మందు దీన్నీ చంపుతుంది. చివరికి ఆ ముక్క మొత్తం మాడ్చి, తవ్వి, కొత్త పచ్చిక పరుస్తారు. బంధువు వచ్చి వెళ్ళాక సోఫా కవర్లు మార్చినట్టు.

మందుల సంగతికొస్తే మా అల్లుడి మొహం మాడింది. "అన్నీ సేఫ్ మామయ్యా, ఇంటర్నేషనల్ స్టాండర్డ్స్." సరే, అంతర్జాతీయమే చూద్దాం. అమెరికా గోల్ఫ్ కోర్సులు తిప్పరాగినీ దాని బంధువులనూ చంపడానికి ఏళ్ళ తరబడి ఎంఎస్ఎంఏ అనే మందు వాడాయి. అందులో ఉన్నది ఆర్సెనిక్. పాషాణం. నీళ్ళలోకి దిగుతోందన్న భయంతో 2009లో అక్కడి పర్యావరణ రక్షణ సంస్థ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. ఇళ్ళ ముందు పచ్చికలో వాడకం ముందుగా ఆపాలి, గోల్ఫ్ కోర్సులకు మాత్రం ఇంకో నాలుగేళ్ళు గడువు. పిల్లలు పొర్లాడే గడ్డి వేరు, పెద్దమనుషులు తిరిగే గడ్డి వేరు కదా.

మన దగ్గర గ్లైఫోసేట్‌ను తేయాకు తోటలకూ, పంట లేని భూములకూ మాత్రమే రిజిస్టర్ చేశారు. 2022 అక్టోబర్‌లో కేంద్రం ఇంకో ఉత్తర్వు ఇచ్చింది, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఎవరూ కొట్టకూడదని. ఆరోగ్యం కోసమే, తప్పు పట్టను. కానీ ఆ 'పంట లేని భూమి' అన్న మాట దగ్గర నా కళ్ళద్దాలు సవరించుకున్నాను. చట్టం దృష్టిలో నూట యాభై ఎకరాలు సేద్యం చేసి ఒక్క గింజ పండించనివాడు దర్జాగా మనిషిని పిలిపించి కొట్టించుకోవచ్చు. రెండెకరాల పత్తిలో గరికతో చచ్చేవాడు కొడితే నేరం. నూజివీడు మామిడి రైతులు కల్తార్ అని పిలిచే పాక్లోబ్యుట్రజాల్ కూడా ఇక్కడ కాపురం ఉంది. చెట్టు ఆకులెయ్యడం తగ్గించి పూత పట్టాలని మామిడి మొదట్లో పోస్తారు దాన్ని. గోల్ఫ్‌లో పోవాను అణగదొక్కడానికీ, గడ్డిని ఎదగనీయకుండా పట్టి ఉంచడానికీ. ఒకే సీసా. అక్కడ కాయ కోసం, ఇక్కడ బంతి కోసం.

నీళ్ళ గురించి ఎక్కువ చెప్పను. 2022 ఎండాకాలంలో ఫ్రాన్సు కరువుతో అల్లాడింది. జనాన్ని తోటలకు నీళ్ళు పట్టొద్దన్నారు, గోల్ఫ్ గ్రీన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఒళ్ళు మండిన ఉద్యమకారులు కొందరు తులూజ్ దగ్గర కోర్సుల్లోకి వెళ్ళి గుంటల్లో సిమెంటు పోశారు. చేసింది తప్పే. నాలుగుంపావు అంగుళాల గుంటకు ఎంత సిమెంటు పడుతుందో ఊరికే లెక్కేసుకున్నాను, అంతే.

మధ్యాహ్నం క్లబ్బులో భోజనం. బఫేలో 'సిరిధాన్యాల మూల' అని ఒకటి అలంకరించారు. రాగి సంకటి, ఊదల ఉప్మా, అరికల పులిహోర. తలపాగా చుట్టిన కుర్రాడు రాగి జావ ఇత్తడి గ్లాసులో పోసి ఇచ్చాడు. గ్లాసు పట్టుకుని అద్దాల్లోంచి బయటికి చూశాను. బయట పంపు వీపున వేసుకున్న మనిషి తిప్పరాగి దుబ్బుల మీద గురిచూసి మందు కొడుతున్నాడు. రాగిపైరులో కలిసిన రెండు జన్యు వంశాల్లో ఒకటి ఈ తిప్పరాగిదే. ఊదలకు మూలం పొలాల్లోని ఊద గడ్డి. అరికల సొంత జాతి పాస్పాలం, దాని అన్నదమ్ములు కొన్ని ఇక్కడ కలుపు జాబితాలో ఉన్నాయి, ఉప్పునీళ్ళు తట్టుకునే తమ్ముడొకడు మాత్రం సముద్రపు ఒడ్డు కోర్సుల్లో గరికతో సమానంగా పట్టుపరుపు మీద ఉన్నాడు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం చెయ్యమని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది మనమే. లోపల మనవడికి సన్మానం, బయట తాతకు విషం. జావ మాత్రం బాగుంది, అబద్ధమెందుకు.

భోజనమయ్యాక ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. ఈ నేలను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడట. "తిప్పరాగి ఎక్కడ మొలుస్తదో చూడుండ్రి సార్" అని చూపించాడు. బండ్లు తిరిగే దారి అంచునే, సభ్యులు దిగి నడిచే చోటే. నేల గట్టిపడి, గాలి ఆడక గరిక చచ్చిన చోట అది హాయిగా బతుకుతుంది. తుంగ ఉందంటే కింద నీళ్ళు నిలబడుతున్నాయన్నమాట. "గడ్డి తప్పు గాదు సార్, నేల చెప్తున్న ముచ్చట. నేలను పొడిచి గాలి ఆడనియ్యాలె, కాల్వ తియ్యాలె, బండ్ల తొవ్వ మార్చాలె." మరి చెప్పలేదా? చెప్పాడట. నేలను పొడిస్తే రెండు వారాలు గ్రీన్ గతుకులవుతుందని సభ్యులు గొడవట. బండి దారి మారిస్తే నలభై అడుగులు నడవాలట. ఆరోగ్యం కోసం వచ్చేవాళ్ళు కదా.

గ్రీన్ మీద నలుగురు ఆడకూలీలు గొంతుక్కూర్చుని చాకు మొనతో కలుపు తీస్తున్నారు. వరిలో ఊదను ఏరిన చేతులవి. లేత ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు, కాడ కలిసే చోట వరికి చిన్న పొర ఉంటుంది, నాలుక లాంటిది, ఊదకు అది ఉండదు. నాలుక లేనిదాన్ని పట్టి పీకెయ్యడం పొలంలో నేర్చిన విద్య, అదిక్కడ కూలిడబ్బులు తెస్తోంది. మా అల్లుడు బంతి కొట్టడానికి వచ్చేసరికి నలుగురూ లేచి పక్కకు జరిగారు. వాడు నాలుగడుగుల దూరం నుంచి కొట్టి గుంట తప్పాడు. "గ్రీన్‌లో గ్రెయిన్ ఉంది మామయ్యా" అన్నాడు. గింజ ఎక్కడరా అన్నాను సంబరంగా. గడ్డి ఒరిగిన వాటం అట.

రెండు రోజుల్లో వినాయక చవితి. గుర్తొచ్చి అడిగాను, పూజకు గుప్పెడు గరిక కోసుకోనా అని. ఇరవయ్యొక్క పత్రుల్లో దూర్వాయుగ్మం లేకపోతే మా ఇంటావిడ దేవుణ్ణి పీట మీద కూర్చోనివ్వదు. సెక్యూరిటీ అతను మర్యాదగా కుదరదన్నాడు. రూలట. అయినా మూడు మిల్లీమీటర్ల గరిక దేవుడికి ఎక్కడ ఆనుతుంది? దారిలో రైతుబజారు దగ్గర ఆగి, పత్రి అమ్మే ఆవిడ దగ్గర కట్ట కొన్నాను. ఏ మురిక్కాలవ గట్టునో పెరిగిన నాటు గరిక. ఆకు వెడల్పు, కణుపు పొడుగు, వాళ్ళ లెక్కలో కలుపు.

అంతకు ముందు గేటు దగ్గర జరిగింది ఇంకొకటి ఉంది. సాయంత్రం ఆ కూలీ ఆడవాళ్ళు పీకిన తిప్పరాగిని గోనెసంచీలో కూరి నెత్తిన పెట్టుకుని వెళ్ళబోతుంటే సూపర్‌వైజరు ఆపాడు.

"ఆ గడ్డి ఏడికి?"

"ఇంటి కాడ మేకలున్నయ్ సార్. పారేసేదే గదా అని."

"మేకకెయ్యకు. నిన్ననే మందు కొట్టిన్రు, సచ్చిపోతది. ఆడ పారెయ్."

ఆమె సంచీ దించి గోడ పక్కన కుమ్మరించింది. ఖాళీ సంచీ దులిపి మడత పెట్టి చంకన పెట్టుకుంది. పొద్దుట్నుంచీ అదే గడ్డిలో ఉన్న పాదాలకు చెప్పులు లేవు. గోడ కుళాయి దగ్గర కడుక్కోబోతే, ఆ నీళ్ళు గ్రీన్ కోసమని అతనే అన్నాడు.